ఇంగ్లీషు జంటక్రియలును మన చదువును

పరభాష నొకదానిని నేర్చుట యనగా దాని పెద్దమాటలను నేర్చుటయే యని మనవారిలో నొక నమ్మకము చిరకాలముగా పాతుకొని యున్నది. సంస్కృతము చదువువాడు సమాసములను, పారసీకము చదువువాడు దర్బారుమాటలను, ఇంగ్లీషు చదువువాడు నోరు తిరుగని దీర్ఘపదములను మొదట కూడబెట్టుకొనుట మన యాచారము. కాని ఇంగ్లీషుభాష మనవారిని ఓడించినది పెద్దమాటలతో గాదు, చిన్నమాటలతో. గివ్, టేక్, పుట్, గెట్, లుక్, టర్న్ అను క్రియలు మొదటి తరగతి బాలునకును తెలిసినవే. అప్, డౌన్, ఆన్, ఆఫ్, ఇన్, అవుట్ అను చిల్లరమాటలును తెలిసినవే. ఈ రెండు తెగలలోని మాటలు ఒకదాని ప్రక్కన నొకటి చేరగానే పట్టభద్రుడును తడబడును.

ఇట్టి కూర్పులను ఇంగ్లీషువారు ఫ్రేజల్ వెర్బు లందురు. మేము వీనిని జంటక్రియలని వ్యవహరింతుము. పుట్ అనగా ఉంచుట. పుట్ ఆన్ అనగా తొడుగుకొనుట. పుట్ ఆఫ్ అనగా వాయిదా వేయుట. పుట్ అవుట్ అనగా ఆర్పుట. పుట్ అప్ విత్ అనగా ఓర్చుకొనుట. ఉంచుట యను నర్థము ఈ నాల్గింటిలో నెక్కడ దాగియున్నదో మూలపదములను మాత్రమే యెరిగినవాడు చెప్పజాలడు. నిఘంటువున రెండు మాటలను వేర్వేరుగా వెదకి కలిపికొన్నను అర్థము చేతికి రాదు. ఈ చిక్కు మనదేశపు విద్యాచరిత్రలో ఎట్లు వచ్చెనో, దానిని మనవారు ఎట్లు దాటిరో, దాటలేకపోయిరో విచారించుట ఈ వ్యాసమున మా యుద్దేశము. సిద్దిపేట వంటి యూరిని కేంద్రముగా నుంచుకొని చూచితిమేని ఈ కథ మరింత స్పష్టముగా తెలియును. ఏలయన, అచ్చటి బాలునకు ఇంగ్లీషు వచ్చిన త్రోవ కోస్తాజిల్లాల బాలునకు వచ్చిన త్రోవ కాదు.

మొదట ఒక భ్రమను తొలగించుట మంచిది. ఇట్టి కూర్పు మనకు క్రొత్త యని యెవ్వరును భయపడ నక్కరలేదు. సంస్కృతమున హృ ధాతువునకు తీసికొనిపోవుట యని యర్థము. దానికి ముందు ఉపసర్గ చేరగానే ఆహారము, విహారము, ప్రహారము, సంహారము, పరిహారము అని యర్థములు నలుదిక్కులకు పరుగెత్తును. భోజనమునకును, వ్యాహ్యాళికిని, దెబ్బకును, చంపుటకును ధాతువొక్కటే. అక్షరాస్యులు కాని మన పల్లెవారును ఈ మాటలను తడబాటు లేక వాడుచున్నారు. కాళిదాసుని కావ్యములకు వ్యాఖ్యానములు వ్రాసి భారతదేశమంతట పండితులకు దారి చూపిన మల్లినాథసూరి కోలాచలమువాడు. ఆ యూరు మెదకుసీమలోని కొల్చారమే యని పండితులు గుర్తింతురు. ఉపసర్గ ధాతువును ఎచ్చటికి లాగికొనిపోవునో ఆ మహావ్యాఖ్యాత యెరిగినట్లు ఎరిగినవారు అరుదు. అట్టి సీమలో పుట్టిన బాలుడు పుట్ ఆఫ్ అను రెండు చిన్నమాటలను చూచి బెదరుట చోద్యమే. సంస్కృతమున ఉపసర్గ క్రియకు ముందు నడచును. ఇంగ్లీషున వెనుక నడచును. ముఖ్యమైన భేద మంతియే.

నిజమునకు పూర్వకాలమున ఇంగ్లీషులోను అది ముందే నడచెడిది. వేయేండ్ల క్రిందటి ఇంగ్లీషున క్రియకు ముందు ఉపసర్గ వంటి తునకలు అతికియుండెడివి. అండర్‌స్టాండ్, విత్‌స్టాండ్, ఓవర్‌కమ్ అను నేటి మాటలు ఆ పాతపద్ధతికి మిగిలిన ఆనవాళ్లు. అండర్ అనగా క్రింద. స్టాండ్ అనగా నిలుచుట. రెండును కలిసిన గ్రహించుట! మన ఉపసర్గల చమత్కారమునకు ఇది యేమియు తీసిపోదు. కాలక్రమమున ఆ తునకలు బలహీనములై రాలిపోయినవి. వాని పనిని క్రియకు వెనుక నిలుచు చిన్నమాటలు చేపట్టినవి. ఉత్తర ఇంగ్లండున నివాసమేర్పరచుకొన్న స్కాండినేవియావారి పలుకుబడియు ఈ మార్పునకు తోడ్పడెనని భాషాశాస్త్రజ్ఞులు చెప్పుదురు.

అంతలో 1066వ సంవత్సరమున నార్మనులు ఇంగ్లండును జయించిరి. దర్బారునందును న్యాయస్థానమునందును ఫ్రెంచి, దేవాలయమునందును విద్యాపీఠమునందును లాటిను ఏలినవి. పొలము దున్నువాడును, పాలు పితుకునదియు, కొలిమి నూదువాడును తమ ఇంగ్లీషునే పలుకుచుండిరి. తరువాతి శతాబ్దములలో వేలకొలది ఫ్రెంచి, లాటిను మాటలు ఇంగ్లీషులో కలిసిపోయినవి. దాని ఫలముగా ఆ భాషలో ఒక్కొక్క పనికి రెండేసి మాటలు నిలిచినవి. కాగితముమీద టాలరేట్; ఇంటిలో పుట్ అప్ విత్. కచ్చేరిలో ఇన్వెస్టిగేట్, వీధిలో లుక్ ఇంటూ. సభలో పోస్ట్‌పోన్, పెరటిలో పుట్ ఆఫ్. పెద్దమాట దొరలది, జంటక్రియ జనులది. మన భాషలో భోజనము చేయుట, అన్నము తినుట యను రెండు పలుకుబళ్లకు గల భేదమువంటిదే యిదియు.

ఈ జంటక్రియలను పండితులు చిరకాలము లెక్కచేయలేదు. 1755వ సంవత్సరమున తన మహానిఘంటువును ప్రకటించిన సామ్యూల్ జాన్సను పండితుడు మాత్రము పీఠికలో ఈ విషయమును గుర్తించెను. ఒక చిన్నమాటను వెనుక జేర్చి క్రియయొక్క అర్థమును మార్చు నలవాటు ఇంగ్లీషున మిక్కిలిగా గలదనియు, పరదేశీయులకు ఇంతకన్న కష్టమైనది లేదనియు అతడు చెప్పి, అట్టివానిని శ్రద్ధతో సేకరించి నిఘంటువున చేర్చెను. అయినను వీనికి నిలుకడగల పేరు వచ్చుటకు మరి 170 ఏండ్లు పట్టినది. 1925లో లోగన్ పియర్సల్ స్మిత్తు అను రచయిత తన గ్రంథమున ఫ్రేజల్ వెర్బు అను పేరును వాడి, దానిని తనకు సూచించినది ఆక్సుఫర్డు మహానిఘంటువు సంపాదకులలో నొకడైన హెన్రీ బ్రాడ్లీ యని చెప్పెను. వాడుకలో వేయేండ్లుగా నున్న వస్తువునకు పేరు నిన్న మొన్న పుట్టినది! జనుల పలుకును పండితులు ఆలస్యముగా గుర్తించుట మన దేశమునకే పరిమితమైన దోషము గాదు.

ఇక మనదేశపు కథకు వత్తము. కోస్తాజిల్లాలు ఇంగ్లీషువారి పాలనలోనికి వచ్చిన తొలిదినములలో ఇంగ్లీషు నేర్చినవారు దుబాసీలు. వారు బడిలో నేర్చినదానికన్న దొరల ప్రక్కన నిలువబడి విని నేర్చినదే హెచ్చు. కావలి సోదరులు మెకంజీ దొరకడ పనిచేసి శాసనములను, కైఫీయతులను సేకరించిరి; వారిలో రామస్వామి 1829లో దక్కను కవుల చరిత్రను ఇంగ్లీషున ప్రకటింప గలిగెను. మరియొక వైపున 1820లో కడపకు వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌను దొర తెలుగు నేర్చుటకు మొదలిడి, 1850 దాటిన తొలియేండ్లలో తెలుగు–ఇంగ్లీషు, ఇంగ్లీషు–తెలుగు నిఘంటువులను ప్రకటించెను. ఇరుభాషలలోను నడచు సంభాషణముల పుస్తకమును సైతము ఆయన కూర్చెను. పండితులు గ్రామ్యమని త్రోసిపుచ్చిన మాటలను బ్రౌను దొర వినినది వినినట్లు వ్రాసికొనెను. భాష నోటిలో నుండునను సత్యమును ఆ పరదేశి మనకన్న ముందు గ్రహించెను.

1835లో మెకాలే దొర వ్రాసిన పత్రము, 1857లో ఏర్పడిన మదరాసు విశ్వవిద్యాలయము ఈ చదువు త్రోవను మార్చివేసినవి. వినికిడి పోయి పాఠ్యపుస్తకము వచ్చినది. బాలుడు ఇంగ్లీషు మాటాడువారిని చూడకయే మహాకవుల కావ్యభాగములను కంఠస్థము చేసెను. అర్జీ వ్రాయుటకు, పరీక్షలో ఉత్తీర్ణుడగుటకు పెద్దమాటలు చాలును. కనుక కచ్చేరి ఇంగ్లీషు వచ్చినవాడు అంగటి ఇంగ్లీషు ఎరుగడయ్యెను. ఈ చదువులోని డొల్లతనమును గురజాడ అప్పారావుగారు కన్యాశుల్కమున ఎంత చక్కగా చూపిరి! 1892లో ప్రదర్శితమై 1897లో అచ్చయిన యా నాటకమున, తన కుమారుడు ఇంగ్లీషున మాటాడగా వినవలెనని వెంకమ్మ ముచ్చటపడును. గిరీశమును వెంకటేశమును పరస్పరము పలికినది సంభాషణము గాదు. పసిపిల్లల గేయపు చరణములు. తల్లి మురిసిపోవును, చదువరి నవ్వును. ఆ నవ్వులో మన బడుల చరిత్ర యంతయు నున్నది.

ఈ సందర్భముననే మరియొక విషయమును స్మరింపవలెను. 20వ శతాబ్ది తొలిదశాబ్దమున విశాఖపట్టణ ప్రాంతమునకు పాఠశాలల పరీక్షాధికారిగా వచ్చిన జె. ఏ. యేట్సు దొరకు, తెలుగువారు మాటాడు తెలుగొకటి, బడిలో చదువు తెలుగొకటి యేల యని సందేహము కలిగెను. గిడుగు రామమూర్తి పంతులుగారు, గురజాడవారు ఆ ప్రశ్నను చేపట్టి వ్యావహారిక భాషోద్యమముగా పెంచిరి. ఇంగ్లీషున జంటక్రియలు కాగితముమీదికి వచ్చుటకు పడిన పాట్లకును, తెలుగున వాడుకమాట గ్రంథమున కెక్కుటకు పడిన పాట్లకును పోలిక స్పష్టము. రెండుచోట్లను పోరాటము ఒక్కటియే: ఇంటిలో పలుకు మాట చదువునకు తగునా, తగదా?

నైజాము రాజ్యమున పరిస్థితి వేరు. మెదకు జిల్లాలో నుండిన సిద్దిపేటలో ఇంటిభాష తెలుగు. ఏలుబడిభాష తెలుగు గాదు. 1884 వరకు పారసీకము, పిదప ఉర్దూ రాజభాషలు. రాజ్యములో ఇంచుమించు సగముమంది తెలుగు మాటాడువారే యైనను, బడి మెట్లెక్కిన బాలునకు ఉర్దూయే చదువు. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయము దేశభాషలో ఉన్నతవిద్య నేర్పిన తొలి ప్రయత్నముగా కీర్తి గడించినది. వైద్యము, శాస్త్రములు, న్యాయము సైతము ఉర్దూలో బోధించుటకై ప్రత్యేకముగా అనువాదశాలను నెలకొల్పిరి. అచ్చట ఇంగ్లీషు బోధనభాష గాక, విద్యార్థు లందరును తప్పక చదువవలసిన పాఠ్యవిషయముగా నుండెను. ఆ ప్రయత్నమున గొప్పతనము లేదని మే మనము. కాని ఆ దేశభాష తెలుగుబాలుని దేశభాష గాదు. ఇంటిలో ఒక భాష, బడిలో వేరొక భాష, ఆ వేరొక భాషద్వారా నేర్చునది మూడవ భాష: ఇట్లు రెండు కాలువలు దాటి ఇంగ్లీషు సిద్దిపేట పిల్లవానికి చేరెను.

ఈ స్థితిని మార్చుటకు పెద్దలు చేసిన కృషి మరువరానిది. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది. 1926లో సురవరము ప్రతాపరెడ్డిగారు గోలకొండ పత్రికను స్థాపించిరి. 1928లో మాడపాటి హనుమంతరావుగారి పూనికతో హైదరాబాదున తెలుగు బాలికలకు మాతృభాషలో చదువు చెప్పు పాఠశాల ఏర్పడినది. 1930లో, సిద్దిపేట యున్న మెదకు జిల్లాలోనే, జోగిపేటయందు ప్రతాపరెడ్డిగారి యధ్యక్షతను నిజామురాష్ట్రాంధ్ర మహాసభ తొలిసారి కూడినది. దానితోపాటు మహిళాసభయు జరిగినది. మాతృభాషలో విద్య కావలెనను కోరిక ఆ యుద్యమమునకు ప్రాణము. పరభాషలు వలదని ఆ పెద్దలు అనలేదు. వారిలో పలువురు ఉర్దూ, పారసీక, ఇంగ్లీషులలో దిట్టలు. ఇంటిమాటపై నిలిచి పైమాటను అందుకొనవలెనని వారి తాత్పర్యము.

ఇచ్చట నొక విచిత్రమును గమనింపవలెను. ఉర్దూద్వారా ఇంగ్లీషు నేర్చుట తెలుగుబాలునకు భారమే యైనను, జంటక్రియల విషయమున అతని యెదుట రెండు తాళపుచెవులు ఉండెను. ఉర్దూలో గిర్ జానా యందురు; మాటకు మాటగా చూచిన పడి, పోవుట. తెలుగులో పడిపోవు నందుము. ఇంగ్లీషున ఫాల్ డౌన్. ఉర్దూలో రఖ్ లేనా, తెలుగులో ఉంచుకొను, ఇంగ్లీషున కీప్ చేసికొనుట యనదగినది. మూడు భాషలును మూడు కుటుంబములకు, శాఖలకు చెందినవైనను, వట్టి క్రియ చాలక దానికొక తోడును తెచ్చుకొనుచున్నవి. ఈ పోలికను ఏ పాఠ్యపుస్తకమైన బాలునకు చూపియుండినయెడల అతని భయము సగము తీరియుండెడిది. కాని ఆ కాలపు వ్యాకరణములు లాటిను మూసలో పోసినవి. ధాతురూపములను వల్లెవేయించినవి గాని, క్రియ ప్రక్కన నిలిచిన చిన్నమాట యేమి చేయుచున్నదో చెప్పుటకు వానికి తీరిక లేకుండెను.

1948లో నైజాము పాలన అంతరించిన పిదప ఉస్మానియాలో ఉర్దూ స్థానమున ఇంగ్లీషు బోధనభాష యయ్యెను. నిన్నటివరకు ఉర్దూలో శాస్త్రములు చదివినవారు నేడు ఇంగ్లీషున చదువవలసి వచ్చిరి. 1958లో హైదరాబాదున కేంద్ర ఆంగ్లసంస్థ స్థాపితమై, ఇంగ్లీషు బోధించు ఉపాధ్యాయులకు శిక్షణ మొసగుట మొదలిడినది. ఆ సంస్థయే 1972లో ఇతర విదేశభాషలనుగూడ చేర్చుకొని, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయముగా మారినది. భాష కొందరి వరప్రసాదము గాదు, క్రమముగా నేర్పదగిన విద్య యను భావము ఇట్టి సంస్థలవలన బలపడినది.

పరభాషను నేర్పు శాస్త్రము ఇంగ్లండున పుట్టి మనకు వచ్చెనని యనుకొనుట సగమే నిజము. అది చాలవరకు ఆసియాఖండపు తరగతిగదులలో పుట్టినది. బంగాళమున పనిచేసిన మైకేల్ వెస్టు, బాలురు చదువుచున్నదొకటి, వారికి కావలసినదొకటి యని గ్రహించి, 1926లో ద్విభాషావిద్యను గూర్చి తన పరిశీలనలను ప్రకటించెను. తక్కువ మాటలతో ఎక్కువ చదివించు పుస్తకములను వ్రాసెను. జపానున బోధించిన ఏ. ఎస్. హార్న్బీ తన సహచరులతో గూడి 1942లో టోకియోనగరమున ఒక నిఘంటువును ప్రకటించెను. మాట యర్థము మాత్రమే గాక, దానిని వాక్యమున ఎట్లు వాడవలెనో చెప్పుట దాని ప్రత్యేకత. ఆక్సుఫర్డు ముద్రణాలయము 1948లో దానినే తిరిగి ప్రకటింపగా లోకమంతట వ్యాపించినది. తరువాత 1975లో ఆక్సుఫర్డువారు, 1983లో లాంగ్‌మన్ వారు, 1989లో కాలిన్సువారు జంటక్రియలకే ప్రత్యేక నిఘంటువులను వెలువరించిరి. జాన్సను గుర్తించిన కష్టమునకు పూర్ణమైన మందు రెండువందల యేండ్లు దాటిన పిదప దొరకినది.

ఇక ఈ జంటక్రియల మర్మమును తెలుగుకన్నులతో చూతము. మన భాషలో ప్రధానక్రియకు కొను, పోవు, వేయు, పెట్టు మొదలగు తోడుక్రియలు చేరును. వ్యాకర్తలు వానిని అనుప్రయుక్తము లనిరి. చెప్పుట వేరు, చెప్పివేయుట వేరు, చెప్పుకొనుట వేరు. వండుట యొక పని. వండిపెట్టుటలో ఎవరికొరకో యను మమకారము గలదు. చూచుట కన్నుల పని. చూచుకొనుట మనసు పని. ముసలితల్లిని కొడుకు చూచుచున్నాడన్నచో కన్నులతో నన్నమాట, చూచుకొనుచున్నాడన్నచో పోషించుచున్నాడన్నమాట. ఇంగ్లీషున లుక్ అనగా చూచు. లుక్ ఆఫ్టర్ అనగా చూచుకొను. ఇంతకన్న దగ్గర పోలిక వేరొకటి కావలెనా?

అప్ అను చిన్నమాటకు పైకి యని మనవారు అర్థము చెప్పుదురు. ఈట్ అప్ అనగా పైకి తినుట యగునా? కాదు, తినివేయుట. డ్రింక్ అప్ అనగా త్రాగివేయుట. యూజ్ అప్ అనగా మిగులకుండ వాడివేయుట. ఇచ్చట అప్ పైదిక్కును చూపుట మానివేసి, పని ముగిసినదని చూపుచున్నది. మన వేయు ధాతువు విసరుట యను తన తొల్లింటి యర్థమును విడిచి ముగింపును చూపుచున్నట్లే. రన్ అవుట్ అనగా అయిపోవుట. టర్న్ అప్ అనగా అనుకొనక వచ్చిపడుట. గివ్ అప్ అనగా మానుకొనుట, లేదా వదలివేయుట. ఆఫ్ అనగా ఎడబాటు. అందుచేతనే పుట్ ఆఫ్ అన్నచో పనిని నేటినుండి ఎడముగా నుంచుట. దిక్కును చూపు మాట దశను చూపు మాటగా మారిన క్రమమును ఒకసారి గ్రహించినవాడు ఇన్ని వందల కూర్పులను ఒక్కొక్కటిగా మ్రింగ నక్కరలేదు. కుదురులు తెలియును, తీగెలు తామే దొరకును.

అయితే పోలిక ఎచ్చట ఆగునో చెప్పకున్న చదువరిని తప్పుదారి పట్టించినవార మగుదుము. తెలుగున తోడుక్రియ తన ప్రధానక్రియను అంటిపెట్టుకొని యుండును. ఇంగ్లీషున చిన్నమాట కొన్నియెడల విడిపోవును. సభను వాయిదా వేయుడనుటకు పుట్ ఆఫ్ ద మీటింగ్ అనియు, పుట్ ద మీటింగ్ ఆఫ్ అనియు రెండు విధముల అనవచ్చును. సభ యనుటకు బదులు దానిని అను సర్వనామము వచ్చినచో పుట్ ఇట్ ఆఫ్ అనియే యనవలెను. పుట్ ఆఫ్ ఇట్ అనరాదు. కాని లుక్ ఆఫ్టర్ ఇట్ అనుటయే ఒప్పు. అచ్చట మాటలు విడిపోవు. ఇది తర్కముచేత తెలియునది గాదు, చెవిచేత తెలియును. మరియు చిన్నమాటను తగిలించుటే నేర్పని భ్రమపడి మనవారు కోప్ అప్ విత్ అనుచుందురు. ఇంగ్లండువారు కోప్ విత్ అనియే యందురు. కీప్ అప్ విత్, పుట్ అప్ విత్ అనువానిని పట్టికలలో వల్లించిన నాలుక, అక్కరలేనిచోటను అప్ చేర్చినది. పట్టికను కంఠస్థము చేసినవాని తప్పిది. సంభాషణము వినినవాని తప్పు గాదు.

విచిత్ర మేమనగా, బడిలో రాని జంటక్రియలు బజారులో మనకు వచ్చినవి. నాలుగక్షరములు రానివాడును ఫోను స్విచాఫ్ అయినదనును. బస్సు బ్రేక్‌డౌన్ అయినదనును. వైద్యునికడకు చెకప్పునకు పోవుదుననును. మిల్లు కార్మికుడు లాకౌటు అను మాటను తన కడుపుమంటతో నేర్చుకొనెను. లాక్ అనగా తాళము, అవుట్ అనగా వెలుపల. తాళము లోపల, కూలివాడు వెలుపల. అతనికి ఆ జంటయొక్క అర్థమును ఏ పంతులును చెప్ప నక్కరలేకపోయెను. అవసరమే గురువైనచోట మాట నిలిచిపోవును. ఇవి యన్నియు తెలుగున నామవాచకములై, మన చేయు, అగు ధాతువులను తోడుచేసికొని నడచుచున్నవి.

ఇట్టి మాటలలో డ్రాపౌటు అనునది మమ్ము మిక్కిలి కలవరపెట్టునది. బడి మానిన పిల్లలను విద్యాశాఖవారి లెక్కలలో ఈ పేరుతో వ్రాయుదురు. డ్రాప్ అవుట్ అనగా తానై జారిపోవుట. పండు తొడిమనుండి రాలినట్లు పిల్ల బడినుండి రాలినదని ఆ మాట చెప్పును. మన తెలుగు ఇంత సులభముగా మోసపోదు. బడి మానినది యనుట వేరు. బడి మాన్పించిరి యనుట వేరు. మాను, మాన్పించు: ఒక్క ప్రత్యయముతో అపరాధి బయటపడును. పత్తి ఏరుటకు, తమ్ముని నెత్తుకొనుటకు, తుదకు పెండ్లిపీటలమీద కూర్చుండబెట్టుటకు తీసికొనిపోబడిన బాలిక తానై జారిపోయినదా? ఆమెను ఇంగ్లీషున డ్రాపౌటు అనరాదు. టేకెన్ అవుట్ అనవలెను, వెలికి తీయబడినది యని. జంటక్రియను సరిగా నేర్చినవాడు ఈ రెండు కూర్పులలోని కర్తను వెదకును. కర్తను వెదకినవాడు మరల ఆ యింటి తలుపు తట్టును. భాషాజ్ఞానమునకు ఇంతకన్న ప్రయోజనము వేరుగా నేల?

నేటి స్థితిని చూతము. 2016వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన సిద్దిపేట జిల్లాకేంద్ర మయ్యెను. 2022–23 విద్యాసంవత్సరమునుండి తెలంగాణ ప్రభుత్వము తన పాఠశాలలలో ఇంగ్లీషును బోధనభాషగా ప్రవేశపెట్టుట మొదలిడినది. చేనేతవాని బిడ్డయు, బీడీలు చుట్టు తల్లి బిడ్డయు గణితమును ఇంగ్లీషున చదువు కాలము వచ్చినది. దీనిని గూర్చి భిన్నాభిప్రాయము లున్నవి. మేము ఆ వాదమున ఇపుడు దిగము. కాని ఒక్కమాట. నూరేండ్ల క్రిందట సిద్దిపేట బాలుడు ఉర్దూ గోడ నెక్కి ఇంగ్లీషును చూచెను. నేటి బాలుడు ఏ మెట్టును లేకయే ఆ గోడ నెక్కవలెనా? ఇంటిభాష యను మెట్టును తీసివేసి పిల్లవానిని పైకి దుముకుమనుట చదువు గాదు, శిక్ష.

కనుక మేము గృహస్థులకు విన్నవించున దిది. ఇంగ్లీషు రాని తల్లి తన బిడ్డ చదువునకు అక్కరకు రానని కృంగిపోవలదు. బిడ్డ పుస్తకమున లుక్ ఆఫ్టర్ అను మాటను చదివినపుడు, దీనిని మన యింటిలో ఏమందుము అని ఆమె అడిగిన చాలును. చూచుకొనుట యని బిడ్డ చెప్పును. చూచుటకును చూచుకొనుటకును భేదమేమని ఆమె మరల అడుగవలెను. ఆ ప్రశ్నకు బిడ్డ వెదకికొను సమాధానమే వ్యాకరణము. దినమునకు రెండు జంటక్రియలను, పట్టికగా గాక, ఇంటిపనులతో ముడిపెట్టి నేర్పుడు. పొయ్యి ఆర్పునపుడొకటి, చొక్కా తొడిగికొనునపుడొకటి, బియ్యము నిండుకొన్నపుడొకటి. దొడ్డమాటలకు నిఘంటు వున్నది. చిన్నమాటలకు ఇల్లే నిఘంటువు.

ఉపాధ్యాయులకును ఒక మనవి. జంటక్రియ తప్పు పలికిన బాలుని తరగతిలో నవ్వులపాలు చేయకుడు. జాన్సనువంటి పండితుడు పరదేశీయులకు మిక్కిలి కష్టమని చెప్పినదానిని పదేండ్ల పిల్ల తప్పుటలో వింత లేదు. ఇంగ్లీషున లుక్ డౌన్ ఆన్ అను జంట యున్నది. చిన్నచూపు చూచుట యని యర్థము. లుక్ అప్ టూ అను జంటయు నున్నది. గౌరవముతో తలయెత్తి చూచుట యని యర్థము. చూచు క్రియ రెంటను ఒక్కటే. వెనుక నిలిచిన చిన్నమాటయే చూపును మార్చుచున్నది. మన బడులలో పేదయింటి పిల్లల వెనుక ఏ చిన్నమాట నిలువవలెనో నిర్ణయింపవలసినవారము మనమే.